బిడ్డ చుట్టూ నాలుగు పొరలు

హన్మకొండలోనో వరంగల్‌లోనో ఎనిమిదో నెల స్కాన్ చేయించుకుని ఇంటికి వస్తే, బిడ్డ బరువు తర్వాత పెద్దవాళ్లు అడిగేది ‘ఉమ్మనీరు మంచిగనే ఉందా?’ అని. ఆ నీటిని పట్టి ఉంచే ఉల్బం మందం అర మిల్లీమీటరు కూడా దాటదు. అందులో రక్తనాళాలు లేవు, నరాలు లేవు. బలమంతా కొల్లాజెన్ పోగులది.

ఇంటర్ జువాలజీలో చదివే ఉల్బం, పరాయువు, సొనసంచి, అళిందం తల్లి కణాలతో తయారైనవి కావు. పిండం పుట్టిన అండం నుంచే ఇవీ పుడతాయి. అవయవాలు సిద్ధమయ్యేదాకా వాటి పని నడిపించేది ఇవే.

మనిషి సొనసంచిలో కోడిగుడ్డులోలాగా తిండి నిల్వ ఉండదు. అయినా ఫలదీకరణ తర్వాత మూడో వారంలో తొలి రక్తకణాలు పుట్టేది దాని గోడలోనే. రేపటి అండాలకు, వీర్యకణాలకు మూలకణాలు కూడా అక్కడి నుంచే బయలుదేరతాయి. చివరి బహిష్టు నుంచి లెక్కిస్తే సుమారు అయిదున్నర వారాలకు ఇది స్కాన్‌లో కనిపిస్తుంది. 6 మి.మీ. దాటి ఉంటే గర్భం నిలుస్తుందో లేదోనన్న అనుమానంతో మళ్లీ రమ్మంటారు. దీని కాడ పూర్తిగా మాసిపోక, నూటికి దాదాపు ఇద్దరిలో చిన్నపేగుకు ఒక సంచిలా మిగిలిపోతుంది. అళిందం చిన్నదే. మూత్రాశయాన్ని బొడ్డుతో కలిపే దాని గొట్టం మూసుకోకపోతే మాత్రం పుట్టిన బిడ్డకు బొడ్డులోంచి మూత్రం కారుతుంది.

బయటి పొర పరాయువు. మూత్రపరీక్ష కిట్టుపై రెండో గీత తెప్పించే హార్మోన్ దాని కణాలదే. మాయలో బిడ్డ వైపు భాగమూ దానిదే.

ఉమ్మనీరు 10 వారాలకు సుమారు 30 మి.లీ., 34 వారాలకు 800, నెలలు నిండేసరికి 600. నాలుగో నెల దాటాక అందులో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. బిడ్డ దాన్ని మింగుతూ, మళ్లీ పోస్తూ ఉంటుంది. అందుకే మూత్రపిండాలు ఏర్పడకపోతే నీరు తగ్గుతుంది, ఊపిరితిత్తులూ ఎదగవు. అన్నవాహిక మూసుకుపోయి ఉంటే నీరు పెరుగుతుంది. తల్లికి షుగర్ అదుపులో లేకున్నా పెరుగుతుంది. రిపోర్టులో ఏఎఫ్‌ఐ (స్కాన్‌లో ఉమ్మనీటి లోతును కొలిచి వేసే లెక్క) 5 సెం.మీ. కంటే తక్కువుంటే నీరు తక్కువని, 25 దాటితే ఎక్కువని లెక్క. తల్లి ఒంట్లో నీరు తగ్గడం వల్ల వచ్చిన లోటు నీళ్లు తాగితే కొంత సర్దుకుంటుంది. మాయకు రక్తం సరిగా అందకపోతే మాత్రం కొబ్బరినీళ్లు ఏమీ చేయలేవు.

అసలు ప్రమాదం, నెలలు నిండకముందే ఉమ్మనీటి సంచి పగలడం. ‘నొప్పులు రాలేదు కదా, రేపు పోదాం’ అనుకోవద్దు. పొర తెగాక గంటలు గడిచేకొద్దీ క్రిములు లోపలికి ఎక్కుతాయి. ఏటూరునాగారం వైపు నుంచైతే వరంగల్ చేరడానికే గంటలు పడుతుంది కాబట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. శుభ్రమైన పొడి గుడ్డ పెట్టుకుని రంగు, వాసన చూడాలి. మూత్రం వాసన లేకుండా, దగ్గినా కదిలినా నీరు కారుతుంటే ఉమ్మనీరు కావచ్చు. ఆకుపచ్చగా ఉంటే బిడ్డ లోపలే మలం పోసిందని అర్థం. బొడ్డుతాడు జారి బయట తగిలితే లోపలికి నెట్టొద్దు. నడుము ఎత్తులో ఉంచి పడుకోబెట్టి తీసుకెళ్లాలి. 34 వారాలలోపైతే ఆసుపత్రిలో బిడ్డ ఊపిరితిత్తుల కోసం డెక్సామెథసోన్ 6 మి.గ్రా. చొప్పున 12 గంటలకొకటిగా నాలుగు ఇంజెక్షన్లు, ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ ఇస్తారు.

కాన్పు తర్వాత నర్సు మాయను, పొరలను పరచి చూస్తుంది. పొర మీది రక్తనాళం అంచు దాకా వచ్చి తెగిపోయి కనిపిస్తే, మాయకు చెందిన మరో చిన్న తమ్మె లోపలే ఉండిపోయి ఉండవచ్చు. దాన్ని తీయకపోతే రక్తస్రావం ఆగదు.