మన గల్లీకి పటంలో ఏ గుర్తు?

ఖిలా వరంగల్ మట్టికోట దాటి లోపలికి పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా ఇండ్లే. గడపల ముందు ముగ్గులు, అరుగుల మీద ముచ్చట్లు. అదే రోడ్డు మీద కీర్తి తోరణాలు చూడటానికి వచ్చేవాళ్ల ఆటోలు, కార్లు పోతుంటాయి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఇంటర్నెట్ పటంలో ఆ రోడ్డు గీతకు ‘రెసిడెన్షియల్’ (ఇండ్ల రోడ్డు) అని గుర్తు పెట్టాలా, ‘అన్‌క్లాసిఫైడ్’ అని పెట్టాలా? ఈ తకరారు మొదలు బ్రిటన్‌లో ఉంది.

ఎవరైనా దిద్దగల ఈ పటాన్ని 2004లో స్టీవ్ కోస్ట్ అక్కడే మొదలుపెట్టారు. రోడ్ల రకాల పేర్లూ అక్కడివే. 1920లలో ఆ దేశ రవాణా శాఖ ముఖ్యమైన రోడ్లను ఏ, బీ తరగతులుగా విడదీసి నంబర్లు వేసింది. ఆ లెక్కలోకి రాని చిన్న రోడ్లు ‘అన్‌క్లాసిఫైడ్’. ఏ రకమో తేలని రోడ్డని కాదు, ఊరికీ ఊరికీ నడుమ జనం తిరిగే చిన్న రోడ్డని. ఈ సంగతి తెలియకనే చాలామంది ఇండ్లు కనబడితే చాలు ‘రెసిడెన్షియల్’ అనేస్తారు.

అమెరికాలో 2007-08లో జనగణన శాఖ వారి ‘టైగర్’ అనే రోడ్ల సమాచారాన్ని ఈ పటంలోకి మొత్తంగా ఎక్కించినప్పుడు పొలాల మధ్య మట్టిబాటలు కూడా ‘రెసిడెన్షియల్’ అయిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ రావలసి వచ్చింది.

పటంలో ‘లివింగ్ స్ట్రీట్’ అనే ఇంకో గుర్తు ఉంది. దాని వెనక నెదర్లాండ్స్‌లోని ‘వూనెర్ఫ్’ అనే వీధి పద్ధతి ఉంది. 1976లో దానికి చట్టం వచ్చింది. అక్కడ నడిచేవాళ్లదే ముందు హక్కు, పిల్లలు రోడ్డు మీదే ఆడుకోవచ్చు. బతుకమ్మ రోజుల్లో మట్టెవాడ గల్లీ నడుమ ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, స్కూటర్లు ఇంజన్ ఆపి నిలబడితే, నాకూ ఆ గుర్తే పెట్టాలనిపిస్తుంది. కానీ మన దగ్గర అలాంటి బోర్డు లేదు, చట్టమూ లేదు. పండుగ మర్యాదను చట్టంగా చూపిస్తే పటం అబద్ధమాడినట్టే. గల్లీ ఇరుకని చెప్పాలంటే వెడల్పు రాసే చోటు వేరే ఉంది.

మనకూ సొంత లెక్క ఉంది. 1943 నాగపూర్ ప్రణాళిక రోడ్లను జాతీయ, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లుగా విడదీసింది. పైవాటితో పేచీ లేదు, వరంగల్ మీదుగా పోయే 163వ జాతీయ రహదారి పటంలో ‘ట్రంక్’, అంటే పెద్ద రహదారి. చిక్కంతా గ్రామ రోడ్డు దగ్గరే. దారి చూపే యాప్‌లు ఈ గుర్తులను బట్టే వేగం అంచనా కడతాయి కాబట్టి, ఇండ్లను కాదు, రోడ్డు చేసే పనిని చూడాలి. ఖిలా వరంగల్ రోడ్డుకు నేనైతే కనీసం ‘అన్‌క్లాసిఫైడ్’ పెడతాను. దాని నుంచి పక్కకు చీలి నాలుగిండ్ల దగ్గర ఆగిపోయే గల్లీలకే ‘రెసిడెన్షియల్’.