సముద్రం మీద ఇంజిన్ ఆగితే: అపోహలు - వాస్తవాలు

నేను ఫ్లోరిడాలో చిన్న విమానాలు నడపడం నేర్పుతాను. హైదరాబాద్ నుంచి, గుంటూరు నుంచి వచ్చిన పిల్లలు ఫ్లయింగ్ గంటలు పెంచుకోవడానికి బహామాస్ వెళ్లొద్దామని సరదా పడతారు, తీరా బయల్దేరే ముందు రోజు అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, మధ్యలో ఇంజిన్ ఆగిపోతే?"

అపోహ: ఇంజిన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుంది.

పడదు. మేం నడిపే నాలుగు సీట్ల సెస్నా 172 వెయ్యి అడుగుల ఎత్తు కోల్పోయేలోపు రెండున్నర కిలోమీటర్ల పైనే గ్లైడ్ అవుతుంది, అంటే ఇంజిన్ లేకుండానే గాల్లో జారుతూ ముందుకెళ్తుంది. 8,000 అడుగుల మీదుంటే 20 కిలోమీటర్లు దాటి వెళ్లొచ్చు, చేతిలో పది నిమిషాలు ఉంటాయి. కానీ మయామీ తీరం నుంచి బహామాస్‌లోని బిమిని దీవికి 80 కిలోమీటర్ల పైమాటే కాబట్టి మధ్యలో ఒక పన్నెండు నిమిషాల పాటు అటు ఒడ్డూ అందదు, ఇటు ఒడ్డూ అందదు. ఆ లెక్క నేల మీదే వేయిస్తాను.

అపోహ: ఆ వేగంలో నీళ్లయినా కాంక్రీటైనా ఒకటే, ఎవరూ మిగలరు.

2013 డిసెంబరు 11న హవాయిలో, కలౌపాపా నుంచి లేచిన సెస్నా కారవాన్ అనే ఒకే ఇంజిన్ విమానానికి కాసేపటికే ఇంజిన్ పోయింది. పైలట్ సముద్రంలో దించాడు. లోపలున్న తొమ్మిది మందీ బయటికి రాగలిగారు, ఒకాయన ఒడ్డుదాకా ఈదుకుంటూ వెళ్లిపోయాడు కూడా. చనిపోయింది ఒక్కరే, ఆ రాష్ట్ర ఆరోగ్య శాఖ డైరెక్టర్. అదీ దెబ్బ తగిలి కాదు, నీళ్లలోకి వచ్చాక.

అపోహ: లైఫ్ జాకెట్ సీటు కిందే ఉందిగా, అవసరమైతే వేసుకుని ముందే గాలి నింపుకుంటే సరి.

నాకు చిర్రెత్తేది ఇక్కడే. పక్కవాడి మోచెయ్యి తగిలే కాక్‌పిట్‌లో, విమానం దిగిపోతుంటే, ప్యాకెట్ చించి జాకెట్ తొడుక్కోవడం ఎంత కష్టమో ఒకసారి కారు ముందు సీట్లో కూర్చుని ప్రయత్నించండి. ఎక్కేముందే వేసుకోవాలి, గాలి మాత్రం తలుపు దాటి బయటికొచ్చాకే. 1996లో కొమొరోస్ దగ్గర సముద్రంలో పడ్డ ఇథియోపియన్ బోయింగ్‌లో చాలామంది లోపలే జాకెట్లు ఉబ్బించుకున్నారు, నీళ్లు నిండేసరికి పైకప్పుకి అతుక్కుపోయి తలుపు దాకా రాలేకపోయారు. అది పెద్ద విమానమే, అయినా నీళ్లు మన నాలుగు సీట్ల దాన్ని వేరుగా చూడవు. అలాగే నీళ్లు తాకకముందే తలుపుల గొళ్లెం తీసి ఉంచాలి, ఫ్రేము కాస్త వంగినా తలుపు బిగుసుకుపోతుంది. మా 172 చెక్‌లిస్ట్‌లో ఆ లైన్ ఉంది, నోటితో చదివేసి చెయ్యి మాత్రం కదపని వాళ్లే ఎక్కువ.

అపోహ: ఎప్పుడైనా గాలికి ఎదురుగానే దించాలి.

రన్‌వే అలవాటు ఇది. ఈదురుగాలి ఉంటే సరే. గాలి తక్కువగా ఉండి పెద్ద కెరటాలు లేస్తుంటే వాటికి సమాంతరంగా, వరుస వెంబడే దించాలి, ఎదురెళ్లి కెరటాన్ని గుద్దితే గోడని గుద్దినట్టే.

అపోహ: విమానం మొత్తాన్నీ మోసే పారాచూట్ ఉంటే టెన్షన్ లేదు.

2015 జనవరిలో కాలిఫోర్నియా నుంచి హవాయిలోని మావీ దీవికి వెళ్తున్న, అలాంటి పారాచూట్ ఉన్న ఒక సిర్రస్ విమానంలో అదనపు ట్యాంకు నుంచి ఇంధనం రావడం మానేసింది. పైలట్ దగ్గర్లో ఉన్న ఓడ వైపు వెళ్లి, అక్కడ పారాచూట్ లాగాడు. నీళ్లు తాకాక క్షణాల్లో బయటికొచ్చి తెప్ప ఎక్కాడు. పారాచూట్ అతన్ని నీళ్ల దాకా మెల్లగా దించింది, అంతే. ముందే కోస్ట్ గార్డ్‌తో మాట్లాడటం, ఓడ పక్కన దిగడం, తెప్ప అందేచోట ఉంచుకోవడం అతని పనులు.

అపోహ: బయటపడితే చాలు, ఎవరో ఒకరు వస్తారు.

ఆపదలో సిగ్నల్ పంపే ఎమర్జెన్సీ బీకన్ విమానంతో పాటే మునుగుతుంది, నీళ్ల కింద నుంచి దాని సిగ్నల్ పైకి రాదు. అందుకే ఒంటి మీద పీఎల్‌బీ, అంటే మనిషి వెంట ఉంచుకునే చిన్న బీకన్, ఉండాలి. మొన్నొక కుర్రాడు కొత్తది కొని గర్వంగా చూపించాడు, ఎక్కడ పెట్టావురా అంటే వెనక సీట్లో బ్యాగులో సార్ అన్నాడు. తీయించి జాకెట్ జేబులో పెట్టించాకే ఇంజిన్ స్టార్ట్ చేయనిచ్చాను.