ఎవరికి దండం పెడుతోంది?

డెన్వర్,
జూన్ మొదటి వారం

చిరంజీవులు హారికకు, చిన్నోడికి తాత దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో ఇక్కడ అమెరికాలో మీ అత్త వాళ్ళింటి వెనక బీడు చూపిస్తుంటే, అందులో ఒక చిన్న జంతువు చేతులెత్తడం చూసి చిన్నోడు ఒక ప్రశ్న అడిగాడు గుర్తుందా? "తాతా, అది ఎవరికి దండం పెడుతోంది?" అని. నేను నోరు తెరిచేలోపే ఫోన్లో ఛార్జింగు అయిపోయింది. అయిపోవడమే మంచిదైంది, అప్పటికి నాకూ జవాబు తెలీదు. మూడు రోజులుగా పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఆ కంచె దగ్గరే కూర్చుంటున్నాను. మీ అత్త నన్ను చూసి నవ్వుకుంటోంది. రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. హారిక పైకి చదవాలి, చిన్నోడు మధ్యలో అడ్డం పడకుండా వినాలి.

ముందు దాని పేరు. ప్రెయిరీ డాగ్ అంటారు. డాగ్ అన్నారు గానీ కుక్కకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు, ఉడుతకు దాయాది. మూర పొడవు ఉండదు, కిలో బరువు తూగితే గొప్ప. ఒళ్ళంతా ఎండుగడ్డి రంగు, తోక కొస మాత్రం కాటుకలో ముంచినట్టు నల్లగా ఉంటుంది. ప్రెయిరీ అంటే అమెరికా నడుమ ఉన్న గడ్డి మైదానం. ఆ మైదానంలో కుక్కపిల్లలా అరుస్తుందని ఆ పేరు పెట్టారు. శాస్త్రవేత్తలు వాడే గ్రీకు పేరుకు అర్థం 'కుక్కెలుక' అట. వీటిలో అయిదు రకాలున్నాయి, నేను చూసేది నల్లతోకది. చూడ్డానికి అడవికి పోనక్కర్లేదు. రోడ్డు పక్కన, అపార్టుమెంట్ల వెనక, ఎక్కడ కాస్త ఖాళీ గడ్డినేల ఉంటే అక్కడ ఇవే.

ఇక దండం సంగతి. వెనక కాళ్ళ మీద నిక్కి నిలబడుతుంది. ముందు కాళ్ళు రెండూ ఆకాశంలోకి విసిరి, తల వెనక్కి వాల్చి "యిప్" అని ఒక్క కూత కూస్తుంది. ఒక్కోసారి ఊపు ఎక్కువై వెల్లకిలా పడిపోతుంది కూడా. అది కూయగానే పక్కది లేచి కూస్తుంది, దాని పక్కది, ఆ పక్కది. అర నిమిషంలో బీడంతా లేచి చేతులెత్తి, మళ్ళీ ఏమీ జరగనట్టు గడ్డిలో తల పెడుతుంది. గద్ద లేదు, నక్క లేదు. మరెందుకు?

ఇక్కడ నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. విసుక్కోకండి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాయన, అంటే మీ ముత్తాత, జొన్నచేను కాపలాకు నన్ను వెంటబెట్టుకు పోయేవాడు. చేను నడుమ మంచె ఉండేది. మీరు మంచె చూసి ఉండరు. నాలుగు గుంజలు పాతి, మనిషి నిలువుకు పైన కట్టెలు అడ్డం కట్టి, దాని మీద జొన్నసొప్ప పరుస్తారు. అదే మా పరుపు. రాత్రి అడవిపందులు వస్తే డబ్బా వాయించాలి, దివిటీ ఊపాలి. మా చుట్టుపక్కల చేలల్లో అన్నీ కలిపి ఏడెనిమిది మంచెలు ఉండేవి. చీకట్లో ఏదీ కనిపించేది కాదు.

ఉన్నట్టుండి మా నాయన లేచి "ఓ... హోయ్" అని కేక పెట్టేవాడు. ఎడమ చేతి వైపు నుంచి ఒక "ఓ... హోయ్". వంక అవతల నుంచి ఇంకొకటి. అది దూరంగా పోయి పోయి ఎక్కడో ఆగిపోయేది.

"పంది వచ్చిందా నాయనా?"

"లేదు."

"మరెందుకు అరిచినావు?"

"పక్కోడు మేలుకున్నాడో లేదో చూద్దామని."

"మేలుకుంటే?"

"మేలుకుంటే మనం ఒక కునుకు తీయొచ్చు."

ఒక రాత్రి మా నాయన కేకకు ఒక్కటే జవాబు వచ్చింది. పక్క ఊర్లో పెళ్ళి, అందరూ అక్కడికి పోయినారు. ఆ రాత్రి ఆయన కన్ను మూయలేదు. నన్ను నిద్రపొమ్మని కంబళి కప్పి, తెల్లారేదాకా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇప్పుడు వినండి. కెనడాలో మానిటోబా విశ్వవిద్యాలయం వాళ్ళు, జేమ్స్ హేర్ అనే ఆయనా తోటివాళ్ళూ, ఈ దండాల మీదే పనిచేసి 2014లో ఒక సంగతి చెప్పారు. ఒక ప్రెయిరీ డాగ్ యిప్ అన్నప్పుడు చుట్టూ ఎక్కువ గొంతులు బదులిస్తే, మొదట కూసింది నిశ్చింతగా తల దించి మేస్తుంది. బదులు తక్కువైతే మేత తగ్గించి తల ఎత్తి కాపలా కాస్తుంది. అంటే అది దేవుడికి దండం పెట్టడం లేదురా చిన్నోడా. "మేలుకున్నారా?" అని ఇరుగుపొరుగును అడుగుతోంది. మీ అత్త కొడుకు ఇది కంప్యూటర్లో చదివి చెప్పినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మా నాయనకు సంతకం కూడా రాదు. వేలిముద్రే.

అప్పట్నుంచి ఈ బీడులో నాకు మంచెలే కనిపిస్తున్నాయి. ప్రతి బొరియ మూతి చుట్టూ తవ్విన మట్టిని కుప్పగా పోసి, ముక్కుతో, నుదుటితో అదిమి గట్టి చేస్తాయి. కొన్ని కుప్పలు మోకాలెత్తు పైనే ఉంటాయి. అదే వాటి మంచె. దాని మీద నిలబడి నాలుగు దిక్కులూ చూస్తాయి. చూపుకు అడ్డమొస్తుందని చుట్టూ పొడుగు గడ్డిని కొరికి పడేస్తాయి, తినకపోయినా సరే. మా నాయన మంచె చుట్టూ జొన్న కోసుంటే మా అమ్మ ఊరుకునేది కాదు, అది వేరే సంగతి.

మంచె మీదివాళ్ళు ఎవరు వస్తున్నారో కూడా చెప్పుకునేవాళ్ళు. "ఎర్ర తువ్వాలోడు గట్టు మీద పోతున్నాడు, మీ వైపే" అని. ఇవీ అలాగే చెప్పుకుంటాయట. అరిజోనాలో కాన్ స్లొబొద్‌చికాఫ్ అనే ఆచార్యుడు మరో రకం ప్రెయిరీ డాగ్‌ల కూతలు ఏళ్ళ తరబడి రికార్డు చేశాడు. గద్ద వస్తే ఒక కూత, కొయోటీ అనే నక్క వస్తే ఒకటి, కుక్క వస్తే ఒకటి, మనిషి వస్తే ఇంకొకటి. నీలం చొక్కా మనిషి వచ్చినప్పుడూ పసుపు చొక్కా మనిషి వచ్చినప్పుడూ కూతలో తేడా ఉందని ఆయన లెక్క. దీన్ని భాష అనొచ్చా కూడదా అని పెద్దవాళ్ళు కొట్లాడుకుంటున్నారు. మనకెందుకులే. నేను మాత్రం నిన్నటి నుంచి ఒకే తెల్లచొక్కా వేసుకుని పోతున్నాను, వాటికి అలవాటు పడదామని. ఇంకా నన్ను చూసి అరుస్తూనే ఉన్నాయి.

మంచెతో ఇంకో లాభం ఉంది. జొన్నచేలో నడుస్తుంటే గాలి ఆడదు, ఉక్క. అదే మంచె ఎక్కితే తువ్వాలు ఎగిరిపోయేంత గాలి. పైకి పోయేకొద్దీ గాలి జోరు ఎక్కువ. ప్రెయిరీ డాగ్ బొరియకు రెండు మూతులుంటాయి, ఒకటి ఎత్తు కుప్ప మీద, ఒకటి తక్కువ ఎత్తులో. ఎత్తు మూతి మీద గాలి జోరుగా పోతూ లోపలి గాలిని పైకి లాగేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి పల్లపు మూతిలోంచి కొత్త గాలి లోపలికి దూరుతుంది. నిలువెత్తు లోతులో, పది గజాల పొడవున్న సొరంగంలో పిల్లలు ఊపిరాడక చావకుండా ఉండేది ఇలాగే. స్టీవెన్ వోగెల్ అనే ఆయనా ఇంకో ఇద్దరూ 1973లో దీన్ని నిరూపించారు. కరెంటు లేదు, ఫ్యాను లేదు, చిటికెడు మట్టి ఎత్తు తేడా. ఇది తలచుకుంటే నాకు నిజంగా మాట రాదు.

ఆ సొరంగాల లోతు తెలీక వెనకటికి ఇద్దరు పెద్దమనుషులు తమాషా పడ్డారు. 1804లో లూయిస్, క్లార్క్ అనేవాళ్ళు ఈ దేశం పడమటి భాగాన్ని చూడ్డానికి బయల్దేరారు. సెప్టెంబర్ 7న, ఇప్పుడు నెబ్రాస్కా అనే చోట, ఈ బొరియలు కనిపించాయి. పట్టుకుందామని ఒక దాంట్లో నీళ్ళు పోశారు, పోశారు, అయిదు పీపాలు పోశారు. నిండలేదు. చివరికి ఒక్కటి చిక్కింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు జెఫర్సన్‌కు ప్రాణంతో ఉన్న ప్రెయిరీ డాగ్‌ను పడవలో కానుకగా పంపారు. అది నాలుగు నెలలు ప్రయాణం చేసి బతికే చేరింది. మేమూ ఎలుక కలుగుల్లో బిందెలతో నీళ్ళు పోసినవాళ్ళమే. మాకు మూడో బిందెకల్లా ఎలుక బయటపడేది. ఆ పని చేసినందుకు ఇప్పుడు గొప్పగా ఏమీ లేదు, మీరు చేయకండి.

కానీ ఒక చోట నా మంచె కూలిపోతుంది. మా ఊర్లో మంచె మీద ఉండేది రైతు, మేసేది పంది. ఇక్కడ మంచె మీద ఉన్నదే మేసేది! పశువుల మేత తినేస్తుందనీ, బొరియల్లో గుర్రాల కాళ్ళు విరుగుతాయనీ ఇక్కడి పశువుల ఆసాములకు దీని మీద కోపం. వందేళ్ళకు పైగా విషం పెట్టారు. 1900 ప్రాంతంలో టెక్సాస్‌లో ఒకే ఊరుగా అల్లుకున్న బొరియలు 400 కిలోమీటర్ల పొడవు, 160 కిలోమీటర్ల వెడల్పు ఉండేవట. 40 కోట్ల జీవాలని అంచనా. ఇప్పుడు అవి ఒకప్పుడున్న నేలలో నూటికి రెండు వంతుల పాటి మిగిలాయి. ఆసాములది తప్పని నేను అనలేను. పంది తిన్న చేను చూసి మా నాయన ఏడవడం చూసినవాణ్ణి.

అయితే ఆ బొరియలు పోతే వాటితో పాటు వేరేవాళ్ళూ పోతారు. నల్లకాళ్ళ ఫెర్రెట్ అని ముంగిసలా సన్నగా ఉండేది ఒకటి ఉంది. దాని తిండీ ప్రెయిరీ డాగే, ఇల్లూ దాని బొరియే. 1979 నాటికి అది పూర్తిగా అంతరించిందనుకున్నారు. 1981లో వ్యోమింగ్ రాష్ట్రంలో ఒక పొలం కుక్క చచ్చిన ఫెర్రెట్‌ను నోట కరుచుకుని ఇంటికి తెచ్చింది. అప్పుడు తెలిసింది, ఇంకా కొన్ని ఉన్నాయని. చివరికి మిగిలిన 18 ఫెర్రెట్లను పట్టి పిల్లలు పెట్టించారు. ఇక్కడ డెన్వర్ పక్కన, ఒకప్పుడు యుద్ధానికి విషవాయువులు తయారుచేసిన నేలను వన్యప్రాణుల కోసం మార్చారు. 2015లో అక్కడా ఫెర్రెట్లను వదిలారు. ఇంకొకటి, బొరియలో కాపురం చేసే గుడ్లగూబ. దాని పిల్లలు భయపడితే గిలక్కాయ పాములా బుసకొడతాయి! లోపల పాముందనుకుని వచ్చినవాడు వెనక్కి తిరుగుతాడు.

హారిక అడిగింది, పట్టుకుని ఇంటికి తేవచ్చా అని. వద్దమ్మా. వాటి ఒంటి మీద నెత్తురు తాగే చిన్న పురుగుల్లో ప్లేగు ఉండొచ్చు. ఆ రోగం 1900లో ఓడల్లో ఈ దేశానికి వచ్చింది. సోకితే బీడుకు బీడే నెల రోజుల్లో మౌనమైపోతుంది. అందుకే నేను కంచె ఇవతలే ఉంటాను.

ఇంకొక సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను. ఇంట్లోవాళ్ళు ఎదురుపడితే మూతీ మూతీ ఆనించి పలకరించుకుంటాయి, ముద్దు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఒక్కో కుటుంబంలో ఒక మగది, రెండు మూడు ఆడవి, పిల్లలు. అంత ప్రేమగా ఉండేవే, పాలిచ్చే తల్లులు ఒక్కోసారి తోబుట్టువు బొరియలో దూరి దాని పసికూనలను చంపేస్తాయి. జాన్ హూగ్లాండ్ అనే ఆయన సౌత్ డకోటాలో పదేళ్ళకు పైగా వాటిని కనిపెట్టి చూసి ఈ మాట చెప్పాడు. ఎక్కడ కూర్చుని చూశాడనుకున్నారు? ఎత్తుగా కట్టుకున్న మంచె లాంటి దాని మీద! అందుకని వాటిని చూసి మనం నేర్చుకోవాలి అని మీకు చెప్పబోయిన ముక్క మానుకున్నాను. కేకకు బదులివ్వడం ఒక్కటి నేర్చుకుంటే చాలు. అమ్మ పిలిచినప్పుడు ఫోన్లోంచి తల ఎత్తి "ఆఁ" అనడం.

ఇది పిల్లలు బయటికి వచ్చే కాలం. పుట్టి ఆరు వారాల దాకా చీకట్లోనే ఉంటాయి. నిన్న సాయంత్రం నాలుగు తలలు ఒకేసారి బొరియలోంచి పైకొచ్చాయి. అందులో ఒకటి చేతులెత్తి యిప్ అనబోయింది. గొంతు రాలేదు, వెనక్కి పడి లోపలికి దొర్లిపోయింది.

మన ఇంటి ముందు వేపచెట్టు మీద ఉడుతలున్నాయి కదా, దీని దాయాదులే. రేపు పొద్దున కదలకుండా గట్టు మీద కూర్చోండి. పిల్లి వచ్చినప్పుడు ఉడుత ఎలా కూస్తుందో, కూతకూ తోక విసురుకూ లెక్క సరిపోతుందో లేదో చూడండి. గద్ద వచ్చినప్పుడూ అదే కూతా, వేరేదా? అప్పుడు మిగతా ఉడుతలు ఏం చేస్తాయి? చిన్నోడు లెక్కపెట్టాలి, హారిక రాయాలి. నాకు తెలీదు కాబట్టే అడుగుతున్నాను.

జేజికి మోకాళ్ళ నూనె రాయమని నాన్నకు గుర్తుచేయండి.

మీ తాత