వెలుతురు పారించే పని

పిల్లలూ,

"సినిమా మొదట్లో ఛాయాగ్రహణం అని పెద్ద అక్షరాలతో పేరు వేస్తారే, కెమెరా బటన్ నొక్కడానికే అంత గొప్పా తాతయ్యా?" అని మొన్న చిన్నోడు ఫోన్లో అడిగాడు. అసలు సంగతేంటంటే, చాలా షూటింగుల్లో ఆ పేరుగల ఛాయాగ్రాహకుడు కెమెరా ముట్టుకోడు కూడా. దాన్ని నడిపే మనిషి వేరే ఉంటాడు.

ఆయన పని వెలుతురు పారించడం. చేలో నీరు కట్టేవాడు నీళ్లు పుట్టించడు కదా, వచ్చే నీటిని మళ్లిస్తాడు. ఇక్కడ పారతో గట్టు తెంపుతాడు, అక్కడ నాలుగు పెళ్లలు వేసి మూస్తాడు. ఈయనా అంతే. కిటికీలోంచి వచ్చే ఎండకు నల్లగుడ్డ అడ్డం పెడితే అది గట్టు. తెల్లటి థర్మాకోల్ అట్ట మీద పడేసి ముఖం మీదికి తిప్పితే అది మడవ. అన్ని మళ్లూ సమంగా తడిస్తే రైతుకు సంతోషమే గానీ, ఈయన కొన్ని మళ్లను కావాలనే ఎండబెడతాడు. ముఖంలో సగం చీకట్లో ఉంటేనే వీడేదో దాస్తున్నాడని మనకు అనుమానం వస్తుంది మరి.

చిన్నప్పుడు మా తాత రాత్రిపూట నీరు కట్టడానికి వెళితే లాంతరు పట్టుకోవడం నా డ్యూటీ. కిందినుంచి పడితే ముక్కు నీడ నుదుటి దాకా పాకి తాత రాక్షసుడయ్యేవాడు. నెత్తి మీదికి ఎత్తితే కళ్లు రెండు గుంటలు. పక్కనుంచి పడితే గడ్డంలో ఒక్కో తెల్ల వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. "దీపం తిన్నగా పట్రా వెధవా!" అని తిట్లు తిన్నా, ఆ ఆట మానలేదు.

ఈ పనిలో పైకి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. పెట్టెలు మోయాలి, క్లాప్ కొట్టాలి, ఆపైన ఫోకస్ చూడాలి. నటుడు ఒక్క అడుగు ముందుకు వేస్తే, కళ్లు మసకబారకుండా లెన్సు రింగు సరిగ్గా అంతే తిప్పాలి. నన్నడిగితే యూనిట్లో అందరికంటే టెన్షన్ వాడిదే.

కార్ల్ ఫ్రాయిండ్ అని ఒక ఛాయాగ్రాహకుడు 15 ఏళ్లకే బెర్లిన్‌లో ప్రొజెక్టర్ దగ్గర అసిస్టెంటుగా చేరాడు. 1924లో 'ది లాస్ట్ లాఫ్' అనే సినిమా తీసేటప్పుడు కెమెరాను స్టాండు మీంచి దించి ఛాతీకి కట్టుకుని నడిచాడు. తర్వాత అమెరికా వెళ్లి 'ది గుడ్ ఎర్త్'కు ఆస్కార్ అందుకున్నాడు. అరవై దాటాక, 1951లో 'ఐ లవ్ లూసీ' అనే టీవీ కార్యక్రమానికి వచ్చాడు. జనం ఎదురుగా కూర్చుని చూస్తుండగా మూడు కెమెరాలు ఒకేసారి తిరగాలి. సినిమాలో అయితే షాట్ షాట్‌కీ లైట్లు మార్చుకోవచ్చు, ఒక్కో మడికీ విడిగా నీరు పెట్టుకున్నట్టు. ఇక్కడ ఆపే వీల్లేదు. ఒక కెమెరాకు అందంగా పడిన నీడ రెండోదానికి దండగ. పైగా లైట్లు నేల మీదుంటే కెమెరాలు కదలడానికి దారేదీ? అందుకని వాటిని పైకెక్కించి, సెట్టంతా సమంగా తడిపాడు. అంత పేరున్నవాడు ఆ వయసులో కొత్త పద్ధతికి దిగాడు. మీరేమో ఒక్క లెక్క తప్పితే పుస్తకం విసిరేస్తారు.

మబ్బు పడితే ముఖాలు ఎందుకు మెత్తగా కనిపిస్తాయి, పొద్దు వాలేటప్పుడు ఎందుకలా మెరుస్తాయి అన్నది నేను రాస్తే మీకు నిద్రొస్తుంది. బయటికెళ్లి చూడండి. ఇంట్లో అయితే, సినిమాలో ముఖం బాగా దగ్గరగా చూపించినప్పుడు ఆపి, కంటి నల్లగుడ్డులో మెరిసే చుక్క కోసం వెతకండి. అది లైటు ప్రతిబింబమే. చుక్క ఎటువైపుంటే లైటు అటువైపు. నలుచదరంగా ఉంటే కిటికీయో, పెద్ద తెల్లగుడ్డో. చెడ్డవాడి కళ్లలో చుక్కే లేదనుకోండి, దాన్ని ఎందుకు తీసేశారో మీకేమనిపించిందో నాకు రాయండి.

మీ
తాతయ్య