చిరునామా లేని రాళ్లు

భారత పురావస్తు సర్వేక్షణ (ఏఎస్‌ఐ) రక్షిత జాబితాలో 2022 చివరికి 3,693 కట్టడాలుండేవి. అందులో 50 కనబడటం లేదని కేంద్ర సాంస్కృతిక శాఖ 2022 డిసెంబరులో పార్లమెంటరీ సంఘానికి చెప్పింది. పట్టణాలు పెరిగి 14 వాటి కింద పోయాయి. 12 రిజర్వాయర్లలో మునిగిపోయాయి. మిగిలిన 24 సంగతి వేరు, వాటి ఆచూకీ దొరకలేదంతే. కూలిపోయాయో, ఏ ముళ్లపొదలోనో ఉన్నాయో కూడా తెలీదు.

దీనికి ఇవాళ్టి ఉద్యోగులను తిట్టి లాభం లేదు. జాబితాలో చాలావాటిని చేర్చింది స్వాతంత్ర్యానికి ముందో, ఆ తర్వాత కొన్నేళ్లకో. ఫలానా ఊరికి ఈశాన్యాన, ఫలానా బాట పక్కన అని రాసుకుంటే ఆ రోజుల్లో సరిపోయింది. తర్వాత ఊరు పెరుగుతుంది, బాట మారుతుంది, గుర్తుగా చెప్పిన చెట్టును ఎవరో కొట్టేస్తారు.

జాబితాకెక్కినవాటి గతే ఇదైతే ఎక్కనివాటి మాటేమిటి? మా వైపు గుడిమల్లం గుడికీ చంద్రగిరి కోటకీ వచ్చిన భయమేమీ లేదు. వాటికి బోర్డుంది, కాపలా ఉంది, రోజూ వచ్చిపోయే జనం ఉన్నారు. దిగులంతా పలమనేరు, పుంగనూరు, కుప్పం వైపు చేలగట్ల మీదా చెరువుకట్టల మీదా నిలబడ్డ వీరగల్లుల గురించి. చాలామటుకు ఆవుల మందను కాపాడబోయి చచ్చిపోయిన వాడి పేరు మీద ఊరివాళ్లు ఎత్తిన రాళ్లవి. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మల్లయ్యపల్లె లాంటి చోట్ల కనిపించే ఇనుపయుగపు రాతి సమాధుల గురించి కూడా అంతే దిగులు. అవి రెండు వేల ఏళ్లకు పైబడినవి. వాటిని పాండవ గుళ్లంటారు. "పాండవులు వనవాసంలో ఉన్నింది ఈడే సామీ" అని పశువులు కాసే పెద్దాయన నమ్మకంగా చెబుతాడు. రాతి సమాధి ఎక్కడుందని అడిగితే మాత్రం తెలీదన్నట్టు తలూపి ఊరుకుంటాడు. కాబట్టి ఊళ్లో వాడే పేరును ఉన్నదున్నట్టు రాసుకోవడం నమోదులో మొదటి పని.

ఇలాంటివాటిని రాసిపెట్టే పనిని ప్రపంచంలో చాలాచోట్ల మామూలు జనమే చేస్తున్నారు. ఇంగ్లండులో ఆండీ బర్న్‌హామ్ 2001లో మొదలుపెట్టిన మెగాలిథిక్ పోర్టల్ అనే పాతరాళ్ల వెబ్‌సైటులో సెలవు రోజున రాళ్ల దగ్గరికి నడిచి వెళ్లేవాళ్లు ఒక్కో స్థలాన్నీ చేర్చుకుంటూ వచ్చారు. బ్రిటన్, ఐర్లాండ్ కొండకోటల అట్లాస్‌ను ఆక్స్‌ఫర్డ్, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయాలు 2017లో విడుదల చేశాయి. అందులోని 4,147 స్థలాల్లో కొన్నిటి వివరాలు వలంటీర్లు కొండలెక్కి తెచ్చినవే.

మనకూ ఇది కొత్తేమీ కాదు. తర్వాత 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య ఊరూరా కైఫీయతులు (ఊళ్ల చరిత్ర రాతలు), శాసనాల నకళ్లు సేకరించారు. అది జీతానికి చేసిన పనే అనుకోండి. కానీ వాళ్లకు సమాచారం చెప్పిన కరణాలకూ పూజారులకూ జీతమెవరిచ్చారు? 1882లో రాబర్ట్ సెవెల్ మద్రాసు ప్రెసిడెన్సీ పురావశేషాల జాబితా అచ్చువేసినప్పుడు చిత్తూరు ఇంకా ఉత్తర ఆర్కాటులోనే ఉంది. అదీ చాలామటుకు ఊళ్ల నుంచి అందిన సమాచారంతోనే తయారైంది.

ఆనాటి జాబితాలకు లేనిది, ఇవాళ అందరి జేబులో ఉన్నది జీపీఎస్. అక్షాంశాన్ని 13.6 అని రాస్తే అటూఇటూ కొన్ని కిలోమీటర్ల మేర వెతుక్కోవాలి. బిందువు తర్వాత నాలుగో అంకె దాదాపు 11 మీటర్లను, ఐదో అంకె ఒక మీటరును చూపిస్తుంది. ఆరుబయట ఫోను చూపే చోటు ఐదు మీటర్లు తేడా రావచ్చు. చెట్ల కింద, బండల పక్కన సిగ్నల్ తట్టి తిరిగొస్తుంది కాబట్టి ఇంకా ఎక్కువే. అంటే ఐదంకెలు చాలు. యాప్ చూపించింది కదా అని ఎనిమిదంకెలు దింపుకోవడం ఉత్త ఆర్భాటం. ఇంకో చిక్కుంది. ఫొటోలో ఫోను దాచిన చోటి వివరం వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఊడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తుంది. గ్రూపుల్లో తిరిగే పాత రాళ్ల ఫొటోల్లో "ఎక్కడిదో తెలీదు" బాపతు అన్ని ఉండటానికి ఇదొక కారణం.

ఒక సమాధి దగ్గరికి పోయామనుకుందాం. నిలువు బండలు ఎన్ని, పైన మూతబండ ఉందా, జారిందా, ఒక బండకు గుండ్రటి రంధ్రం ఉందా, ఉంటే ఏ దిక్కుకు? టేపుతో కొలవాలి. పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపులా ఫొటో తీయాలి. నేల మీద నలుపు ఎరుపు రంగుల కుండపెంకులు కనిపిస్తే ఫొటో చాలు, ఏరుకోకూడదు. పెంకు ఎక్కడ పడి ఉందన్నదే సాక్ష్యం, జేబులో వేసుకుంటే అది వట్టి పెంకే.

వీరగల్లు దగ్గర పని ఇంకా ఓపికగా చేయాలి. మిట్టమధ్యాహ్నం చూస్తే రాయంతా చదునుగా కనిపిస్తుంది. పొద్దు వాలాక టార్చిని రాతికి ఒక పక్క నుంచి, దాదాపు ఆనించినట్టుగా పట్టుకోవాలి. అప్పుడు గంటు లోపల నీడ పడి, బాణం, పట్టిన కత్తి, కాళ్ల దగ్గర ఆవు, పైన అక్షరాల వరుస ఒక్కొక్కటే తేలతాయి. టార్చిని రాయి చుట్టూ తిప్పుతూ తీయాలి, ఒక దిక్కు వెలుగులో మాయమైన అక్షరం ఇంకో దిక్కు వెలుగులో బయటపడుతుంది. సుద్దతో గీతలు దిద్దడం, నూనె పూయడం, వైరు బ్రష్షుతో రుద్దడం ఏ మాత్రం పనికిరావు. అరవై డెబ్బై ఫొటోలు ఒకదాని మీద ఒకటి కొంత కలిసేలా తీస్తే కంప్యూటర్ వాటి నుంచి త్రీడీ నమూనా కట్టేస్తుంది. రేపు రాయి పగిలినా అక్షరం మిగులుతుంది.

కూర్చున్నచోటి నుంచి వెతికేవాళ్లూ ఉన్నారు. నేల కింద పూడిపోయిన కందకంలో తేమ ఎక్కువ నిలుస్తుంది, దాని మీది పైరు ఎండల్లోనూ పచ్చగా ఉంటుంది. గోడ ఉన్నచోట పైరు గిడసబారుతుంది. 2018 జులై కరువులో ఐర్లాండ్ న్యూగ్రేంజ్ దగ్గర ఆంథనీ మర్ఫీ, కెన్ విలియమ్స్ డ్రోన్ ఎగరేసి, పొలంలో అంతవరకూ ఎవరూ చూడని పెద్ద వలయాన్ని ఇలాగే పట్టారు. అడవులున్న చోట లైడార్ పనికొస్తుంది. విమానం నుంచి వదిలిన లేజర్ కిరణాల్లో కొన్ని ఆకుల సందుల్లోంచి నేలను తాకి తిరిగొస్తాయి, కంప్యూటర్ బొమ్మలో చెట్లను తీసేసి నేల రూపు చూడొచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వలంటీర్లు ఇళ్లలో కూర్చునే నైరుతి ఇంగ్లండులో సుమారు 30 పాత నివాస స్థలాలను, రోమన్ రోడ్ల ముక్కలను గుర్తించారు.

ఈ పద్ధతి మా గుట్టల మీద ఎంత పారుతుందో నాకు అనుమానమే. ఎటు చూసినా గ్రానైట్ గుండ్లే. ఉపగ్రహ చిత్రంలో సహజంగా ఒకదాని మీద ఒకటి ఆనుకున్న బండలకూ మనుషులు నిలబెట్టిన బండలకూ తేడా తెలియదు. ఇక్కడ కాళ్లకు పని చెప్పాల్సిందే.

ఇంత చేశాక ఆ చోటు అందరికీ చూపించాలా? నన్నడిగితే వద్దు. గుప్తనిధుల పిచ్చి మా జిల్లాల్లో చిన్నది కాదు. అమావాస్య రాత్రి పూజలు చేసి తవ్వేవాళ్లకు కచ్చితమైన అక్షాంశ రేఖాంశాలు ఇంటికి పంపిన ఆహ్వానమే. సమాధుల్లో దొరికేవి ఎముకలు, కుండలు, తుప్పుపట్టిన ఇనుము అని చెప్పినా వినరు. 2017లో పురావస్తు శాస్త్రవేత్త సారా పార్కాక్ మొదలుపెట్టిన గ్లోబల్ ఎక్స్‌ప్లోరర్ వెబ్‌సైటులో పెరూ ఉపగ్రహ చిత్రాలను చిన్న ముక్కలు చేసి, చోటు చెప్పకుండా, కలగాపులగంగా వలంటీర్లకు చూపించారు. చూసేవాడికి అది ఏ లోయో తెలియదు, నిర్వాహకులకు తెలుసు. ఎవరైనా దిద్దగలిగే ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అలా కుదరదు, పెట్టిన గుర్తు లోకమంతటికీ కనిపిస్తుంది. గుడి, కోట, అందరూ ఎరిగిన శాసనం దాంట్లో పెట్టొచ్చు. కాపలా లేని సమాధులకైతే బయటికి ఊరి పేరు మాత్రం ఇచ్చి, అసలు అంకెలు పురావస్తు శాఖకూ విశ్వవిద్యాలయానికీ అందిస్తే మేలు.

నిధుల వేటగాళ్లకన్నా జేసీబీ పెద్ద శత్రువు. క్వారీకి, రోడ్డుకు, మామిడి తోటకు నేల చదును చేసేవాళ్లలో చాలామందికి పాత రాళ్ల మీద పగేమీ లేదు, అవేమిటో తెలీదంతే. అందుకే ఒకసారి రాసేసి వదిలేయకుండా మళ్లీ మళ్లీ వెళ్లి, తేదీ వేసి స్థితి రాయాలి. మెగాలిథిక్ పోర్టల్‌లో స్థితికి మార్కులుంటాయి. చెక్కుచెదరనిదానికి 5, శిథిలమైనా గుర్తుపట్టగలిగితే 2, పూర్తిగా పోయిందానికి మైనస్ 1. ఆ మైనస్ 1 రాయడానికి చాలామందికి చేతులు రావు, పేరే తీసేద్దామంటారు. తీయకూడదు. పై బండలు పోయినా కింద గుంత, బూడిద, పెంకులు మిగిలి ఉండొచ్చు. రేపు ఎవరైనా అక్కడ శాస్త్రీయంగా తవ్వాలన్నా, పక్కనే ఇంకో క్వారీకి అనుమతి అడిగినప్పుడు అభ్యంతరం చెప్పాలన్నా చూపించడానికి జాబితాలోని ఆ వరుసే ఉంటుంది.