చెవులు గుయ్యిమంటే షో హిట్టయినట్టు కాదు

షో అయిపోయి కేబుళ్లు చుడుతుంటే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు: "అన్నా, చెవులు గుయ్యిమంటున్నయ్. పొద్దుగాలకు తగ్గుతది కదా?" హనుమకొండలో 13 ఏళ్లుగా లైవ్ సౌండ్ చేస్తున్నాను. డీజే పక్కన ఆదిలాబాద్ గోండుల తుడుమో, మేడారం వైపు కోయ డోలో పెట్టే షోలు నాకు ఎక్కువైనప్పటి నుంచీ ఈ ప్రశ్నా ఎక్కువైంది.

తగ్గుతుంది. చాలామందికి ఒకట్రెండు రోజుల్లోనే తగ్గుతుంది. అసలు అపోహ ఆ తర్వాతది: తగ్గింది కాబట్టి చెవికేమీ కాలేదని. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు సుమారు 15,000 ఉంటాయి. మోతకు సొమ్మసిల్లినవి కొన్ని తేరుకుంటాయి. చచ్చినవాటి చోట మాత్రం కొత్తవి మొలవవు. ఆ నష్టం ఒక్క షోతో తెలియదు, పదో షోకి కూడా తెలియకపోవచ్చు.

"నొప్పి లేదు కదా" అంటారు. నొప్పి దాకా రానక్కర్లేదు. 85 డెసిబెల్స్‌లో 8 గంటలు ఉండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ టైం సగమవుతుంది. 88కి 4 గంటలు, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. మన షోలేమో రెండు గంటలు. వేదికల్లో సగటు 100 దాటొద్దని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అదీ వచ్చినవాళ్లకు ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉంచమని, చెవికి కాసేపు విశ్రాంతి దొరికే చోటు చూపించమని చెబుతూ.

పోయిన చలికాలం ఒకాయన ఆరేళ్ల కొడుకును భుజాలమీద ఎక్కించుకుని సరిగ్గా సబ్‌ల ముందు, అంటే బేస్ మోగించే పెద్ద స్పీకర్ల ముందు నిలబడ్డాడు. పిల్లాడు రెండు చేతులతో చెవులు మూసుకుని ఉన్నాడు. కన్సోల్ వదిలేసి వెళ్లాను. "మావోడికి భయం లేదన్నా" అన్నాడు. భయం సంగతి కాదన్నా, వాడి చేతులు చూడు అన్నాను. పాపం, అప్పటిదాకా ఆయన పైకి చూసుకోలేదు. వెంటనే వెనక్కి తీసుకెళ్లాడు.

దూది పెట్టుకుంటే చాలనుకోవద్దు, అది దాదాపు దండగ. మెడికల్ షాపులో ఫోమ్ ప్లగ్స్ దొరుకుతాయి. ప్లగ్‌ని వేళ్ల మధ్య అగ్గిపుల్లంత సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో ఆపాలి. సగం బయటకు కనిపిస్తుంటే పెట్టుకోనట్టే. పాట చచ్చిపోదు, మోత తగ్గుతుంది, అంతే.

మిగతా అపోహలు గబగబా. మైకు లేని డప్పు ఏం చేయదంటారు. చేతి దూరంలో 100 దాటడం నా మీటర్ మీదే చూశాను. డప్పును మంట దగ్గర కాచేది ఏదో తంతు అనుకుని ఒకసారి ఈవెంట్ కుర్రాడు నీళ్లు పోయబోయాడు. మంచుకు తోలు వదులైతే శ్రుతి దిగుతుంది, కాస్తే బిగుస్తుంది. డప్పు కొట్టే ఆయన చేసేది ట్యూనింగ్. గుస్సాడీ డీజేల కోసం పుట్టిన డాన్స్ కాదు, దీపావళి రోజుల్లో గోండులు చేసుకునే దండారీ పండుగది. ఆ కళకే 2021లో కనక రాజుగారికి పద్మశ్రీ వచ్చింది. డోలు వింటే పిల్లలకు పూనకం వస్తుందన్న వాట్సాప్ మెసేజ్‌కి నా దగ్గర జవాబు లేదు, ఓపికా లేదు.

చెవుల్లో గుయ్యిమనడం రెండు రోజులకీ తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి. ఒక చెవి ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే ఆ రోజే వెళ్లండి, ఆలస్యమైతే మందు పనిచేసే అవకాశం తగ్గుతుంది. వేడి నూనె మాత్రం పోయకండి.

నాకు ఇదంతా ఆలస్యంగా తెలిసింది. మొదట్లో ఓ కాలేజీ ఫెస్టులో మానిటర్ (స్టేజీ మీది స్పీకర్) ఫీడ్‌బ్యాక్ ఎడమ చెవి పక్కనే కూత పెట్టింది. వారం మోగింది, తగ్గింది, మర్చిపోయాను. ప్లగ్స్ లేకుండా ఇంకో ఐదేళ్లు పనిచేశాను. ఇప్పుడు కూడా బేస్ బ్రహ్మాండంగా వినిపిస్తుంది. గుస్సాడీ వాళ్లు స్టేజీ ఎక్కినప్పుడు గజ్జెల కోసం కుడి చెవి అటు తిప్పుతాను.