డిక్రీ రోజే పోయే హెచ్‌-4: ఈ ముడి ఎప్పటిది?

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు ‘అబ్బాయిది హెచ్‌-1బీ, అమ్మాయికి హెచ్‌-4 వచ్చేస్తుంది’ అనడం మామూలే. హెచ్‌-1బీ అంటే అమెరికాలో తాత్కాలిక ఉద్యోగ వీసా, హెచ్‌-4 అంటే వాళ్ల భార్యకో భర్తకో, పిల్లలకో వెంట ఉండేందుకిచ్చే వీసా. విడాకుల డిక్రీ వచ్చిన రోజే ఆ హెచ్‌-4 పోతుందన్న సంగతి మాత్రం పెళ్లిచూపుల్లో ఎవరూ ఎత్తరు.

వీసాను పెళ్లికి కట్టేసిన ఈ ముడి 1970లో పడింది. తాత్కాలిక ఉద్యోగం మీద వచ్చేవాళ్ల భార్యో భర్తో, మైనర్ పిల్లలో వెంట ఉండేందుకు ఆ ఏడాది అమెరికా చట్టంలో వీలు కల్పించారు. 1990 చట్టంతో హెచ్‌-1బీ రూపు దిద్దుకుంది, దానికి ఆరేళ్ల గడువు. మన డెల్టా పిల్లలు ఇంజినీరింగ్ చదివి, సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు కాన్సులేట్‌కు వెళ్లి పాస్‌పోర్టులో వీసా ముద్ర (స్టాంపింగ్) వేయించుకున్న రోజులవి. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2008లో గానీ రాలేదు.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. గ్రీన్‌కార్డుల్లో (శాశ్వత నివాస అనుమతి) ఒక్కో దేశానికి 7 శాతమే పరిమితి కావడంతో మనవాళ్ల క్యూ ఏళ్లకేళ్లు సాగింది. గ్రీన్‌కార్డు పని నడుస్తుంటే ఆరేళ్లు దాటినా హెచ్‌-1బీ పొడిగించుకోవచ్చని 2000లో చట్టం చేశారు. ఉద్యోగస్తుడికి అది మేలే. కొద్దికాలానికని పెట్టిన హెచ్‌-4 మీద భార్య పదేళ్లు దాటి బతకాల్సి వచ్చింది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 ఆమోదం అయినవాళ్ల భార్యలకు 2015 మే 26 నుంచి ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, ఇస్తున్నారు. హెచ్‌-4 పోతే అదీ పోతుంది.

విడిగా ఉన్నంత మాత్రాన సాధారణంగా స్టేటస్ (అమెరికాలో చట్టప్రకారం ఉండే అర్హత) పోదు, డిక్రీతోనే పోతుంది. చాలామంది మోసపోయేది ఐ-797 (వీసా ఆమోదం నోటీసు) కాగితం అడుగున ఉండే ఐ-94 దగ్గర, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ముక్క దగ్గర. అందులో తేదీ ఇంకా రెండేళ్లు చూపిస్తుంటే ధైర్యపడతారు. పెళ్లే రద్దయ్యాక ఆ తేదీ కాపాడదు. 2017లో వచ్చిన 60 రోజుల గడువు ఉద్యోగం పోయినవాళ్లకు, విడాకులకు కాదు. అందుకే ఎఫ్‌-1కో (చదువు వీసా) బీ-2కో (సందర్శకుల వీసా) మారాలనుకుంటే ఐ-539, అంటే స్టేటస్ మార్పు దరఖాస్తు, డిక్రీకి ముందే వేయాలి. ఎఫ్‌-1 అయితే కాలేజీ నుంచి ఐ-20 (అడ్మిషన్ పత్రం) ముందుగా చేతిలో ఉండాలి.

హింసకు గురైన హెచ్‌-4 భార్యలకు వర్క్ పర్మిట్ ఇవ్వాలని 2006 జనవరిలోనే చట్టం చేశారు. దాని దరఖాస్తు, ఐ-765వి, 2017లో గానీ అందుబాటులోకి రాలేదు. పదకొండేళ్ల ఈ ఆలస్యం క్షమించరానిది. అయినా అది పనికి అనుమతి మాత్రమే, స్టేటస్ ఇవ్వదు.

ఇక్కడి చట్టం దారి వేరు. 1975లో తిరుపతిలో జరిగిన ఒక పెళ్లిని భర్త అమెరికా కోర్టులో రద్దు చేయించుకుంటే, 1991లో మన సుప్రీంకోర్టు ఆ డిక్రీని ఒప్పుకోలేదు. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో, భార్య ఆ కోర్టు అధికారానికి ఒప్పుకోకుండా వచ్చిన డిక్రీ ఇక్కడ చెల్లదంది. అంటే అమలాపురంలో ఆమె ఇంకా భార్యే, అమెరికా వీసా లెక్కలో మాత్రం కాదు. అక్కడి నుంచి వచ్చిన కాగితాల మీద చదవకుండా సంతకం పెడితే ఈ రక్షణ కూడా పోవచ్చు.

‘పండక్కి వెళ్లిరా’ అని పంపేసి, తిరిగి స్టాంపింగ్‌కు భర్త ఐ-797 ఇవ్వకపోవడం ఇంకో రకం చిక్కు. అలా పుట్టింట్లో చిక్కుకున్న భార్య తానున్న ఊరి పరిధిలోని కోర్టులోనే కేసు వేయొచ్చు, హిందూ వివాహ చట్టానికి 2003లో చేసిన సవరణ ఆ వీలిచ్చింది. బయల్దేరే ముందే పాస్‌పోర్టు, ఐ-797, ఐ-94, పెళ్లి సర్టిఫికెట్ స్కాన్లు తన సొంత ఈమెయిల్‌కు పంపుకోవాలి, భర్తకు పాస్‌వర్డ్ తెలియని ఈమెయిల్‌కు.